నేరానికి తూకం వేసేదెవరు?

(ఆదివాసీ యువతీ యువకుల చట్టాల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం.)



మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. ఒకడు ఆరు వేల రూపాయల మేకను దొంగిలించాడు. ఇంకొకడు లారీని ఇష్టమొచ్చినట్టు తోలి, రోడ్డు పక్కన నడిచిపోతున్న మనిషిని గుద్ది చంపాడు. పారిపోలేదు, అక్కడే నిలబడ్డాడు. ఇద్దరి మీదా కేసు పెట్టారు. ఈ ఇద్దరిలో బెయిలు హక్కుగా దొరికేది ఎవరికి?

దొంగకే అనుకుంటున్నారు కదా? మేక ఎక్కడ, మనిషి ప్రాణం ఎక్కడ అని. కాదు. బెయిలు హక్కుగా దొరికేది లారీ తోలినవాడికి. చట్టం లెక్కలో దొంగతనం నాన్‌బెయిలబుల్. నిర్లక్ష్యంగా మనిషి ప్రాణం తీయడం బెయిలబుల్. పాత చట్టంలో అంతే, కొత్త చట్టంలోనూ అంతే. ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. చట్టం పుస్తకం వెనకాల అచ్చేసిన పట్టికలో ఉంది, తీసి చూసుకోండి.

ఈ సంగతి మనకెందుకు అంటారా? ఆశ్రమ పాఠశాలలో పిల్లకు జ్వరం వచ్చి, సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్లక ప్రాణం పోయిందనుకోండి. కేసు పెడితే గిడితే ఏ వరసలో పెడతారు? నిర్లక్ష్యం వరసలోనే. అదే హాస్టల్ నుంచి ఎవరైనా బియ్యం బస్తా మోసుకుపోతే? దొంగతనం వరసలో. ఇప్పుడు అర్థమైంది కదా, ఏ వరసలో ఏముందో మనం ఎందుకు తెలుసుకోవాలో.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే. నేరం పెద్దదా చిన్నదా అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. రాజ్యం తూకం వేస్తుంది. తూకంరాళ్లు ఎలాంటివో, తక్కెడ ఎవరి చేతిలో ఉందో తెలియనివాడు ప్రతి సంతలోనూ మోసపోతాడు. చింతపండు, అడ్డాకులు, ఇప్పపువ్వు అమ్ముకునే మనకు ఈ మాట ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఐదో షెడ్యూల్ అంటే మీకందరికీ తెలుసు. సభల్లో, ర్యాలీల్లో నినాదం ఇస్తాం. ఇవాళ ఇంకో షెడ్యూల్ గురించి చెప్తాను. 2024 జూలై 1 నుంచి దేశంలో ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఈ రెండో చట్టం చివర మొదటి షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో నేరానికీ ఎదురుగా నాలుగు సంగతులు రాసి ఉంటాయి. శిక్ష ఎంత. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చా లేదా. బెయిలు హక్కా కాదా. ఏ కోర్టు విచారిస్తుంది. ఒక నేరాన్ని రాజ్యం ఎంత తీవ్రంగా తీసుకుంటుందో తెలియాలంటే ఉపన్యాసాలు వినక్కర్లేదు, ఈ నాలుగు గళ్లు చదివితే చాలు.

ఒక్కో గడీ చూద్దాం. వారెంటు లేకుండా అరెస్టు చెయ్యగలిగిన నేరాన్ని కాగ్నిజబుల్ అంటారు. ఇలాంటి నేరం గురించి చెప్పుకుంటే పోలీసులు ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. కాగ్నిజబుల్ కానిదైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు కూడా మొదలుపెట్టలేరు. ఉదాహరణకి, ఎవడో మిమ్మల్ని చెంప మీద కొట్టాడు, ఒళ్లంతా కమిలింది, ఎముక మాత్రం విరగలేదు. చట్టంలో అది మామూలు గాయం, 115వ సెక్షన్, ఏడాది లోపు శిక్ష, కాగ్నిజబుల్ కాదు. స్టేషన్‌కి వెళ్తే "కోర్టుకు పొండి" అంటారు. ఎముక విరిగినా పన్ను ఊడినా అది తీవ్ర గాయం, 117వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. అప్పుడు ఎఫ్ఐఆర్ తప్పదు. అందుకే దెబ్బలు తిన్నవాళ్లని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి గాయాల సర్టిఫికెట్ రాయించమని మనం పట్టుబట్టేది. ఆ కాగితంలోని ఒక్క ముక్కను బట్టి కేసు పైగడిలోకి పోతుందో కిందిగడిలోకి పోతుందో తేలుతుంది.

బెయిలు గురించి కూడా ఒక అపోహ ఉంది. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు. హక్కుగా రాదని, కోర్టు ఆలోచించి ఇస్తుందని. అలాగే యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అని మన ఊళ్లలో అందరూ అనుకుంటారు. అది తప్పు. యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతకాలం. పద్నాలుగేళ్లనేది, మరణశిక్ష పడగల నేరంలో యావజ్జీవం పడ్డవాడిని ప్రభుత్వం దయతలిచి విడిచిపెట్టాలన్నా, అంతకంటే ముందు విడవకూడదని పెట్టిన హద్దు. పద్నాలుగేళ్లు కాగానే తలుపు దానంతటదే తెరుచుకోదు.

పైన ఉన్న వరసలేమిటంటే, హత్య 103వ సెక్షన్, ఉరి లేదా యావజ్జీవం. సామూహిక అత్యాచారం 70వ సెక్షన్, ఇరవై ఏళ్లకు తక్కువ కాదు. బాధితురాలు పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయితే ఉరి దాకా. ఇవన్నీ సెషన్స్ కోర్టుకే వెళ్తాయి. ఇంతవరకు మనకు గొడవ లేదు. ప్రాణం తీయడం, ఆడబిడ్డ మీద చెయ్యి వెయ్యడం పెద్ద నేరాలని మన పెద్దలూ చెప్పారు, చట్టమూ చెప్పింది. గొడవంతా ఎక్కడ మొదలవుతుందంటే, రాజ్యం మన బతుకునే నేరాల పట్టికలోకి ఎక్కించిన దగ్గర.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. అది చేసిన పనిని కాదు, పుట్టుకను నేరం చేసింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. మన ఎరుకల సోదరుల్ని పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, కంచెల్లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్న స్టువర్టుపురం అలా 1913లో పుట్టిన ఊరే. హాజరు పట్టీలో సంతకం పెట్టకుండా పక్క ఊరు పోతే నేరం. ఆ ఊరి పేరు చెప్తే సినిమాల వాళ్లకు దొంగలే గుర్తొస్తారు గానీ, ఒక జాతి మొత్తాన్ని చట్టం పెట్టి బంధించిన ప్రభుత్వం గుర్తురాదు. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ దాని స్థానంలో 'అలవాటుపడ్డ నేరస్తుల' చట్టాలు వచ్చాయి. జైలు మాన్యువళ్లలో ఆ పాత చూపు మొన్న మొన్నటిదాకా ఉంది. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే రూల్స్ కొట్టేసేదాకా అది బతికే ఉంది.

అడవి సంగతీ అంతే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా పోడు కొట్టుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం, పశువుల్ని మేపుకోవడం బతుకు. మర్నాటి నుంచి అదే నేరం. మనిషి మారలేదు, అడవి మారలేదు, గెజిట్‌లో ఒక కాగితం మారింది. 1922లో గూడెం, రంప కొండల్లో అల్లూరి వెనక మన తాతలు ఎందుకు నడిచారో ఈ కాగితం నుంచి చదివితే తెలుస్తుంది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే, మనకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. అంటే నూట పాతికేళ్లు మనల్ని నేరస్తులన్న రాజ్యమే చివరికి తప్పు తనదని రాసుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పట్టికలో రాసింది శాశ్వతం కాదు. కొట్లాడితే మారుతుంది.

సరే, అది చరిత్ర. ఇవాళ్టి మీ వయసు పిల్లలు జైళ్లకు పోతున్నది ఏ వరసల కింద? మూడింటి గురించి చెప్తాను. ఇది మీరు ఇంటికెళ్లి మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చెప్పాల్సిన భాగం.

మొదటిది గంజాయి. పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని కిలోల్లో తూస్తుంది. కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం, ఏడాది దాకా శిక్ష. కిలో దాటి ఇరవై లోపు ఉంటే పదేళ్ల దాకా. ఇరవై కిలోలు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు, పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా శిక్ష, లక్షకు తగ్గకుండా జరిమానా. పదేళ్లకు తగ్గించే అధికారం జడ్జికి కూడా లేదు. 'మొదటిసారి సార్, పేదవాణ్ణి సార్' అన్నా కుదరదు. బెయిలు కావాలంటే, నువ్వు నేరం చెయ్యలేదని నమ్మడానికి ఆధారాలున్నాయని కోర్టుకు అనిపించాలి. మామూలు కేసుల్లో అరవై, తొంభై రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఈ వాణిజ్య పరిమాణం కేసుల్లో ఆ గడువు నూట ఎనభై రోజులు. 'బ్యాగులో ఏముందో నాకు తెలీదు' అంటే సరిపోదు, తెలియదని నువ్వే నిరూపించుకోవాలి. చట్టం అలాగే రాశారు.

ఇప్పుడు చెప్పండి, ఆ బ్యాగు ఎవరిది? పెట్టుబడి పెట్టేవాడు మైదానంలోనో, ఇంకో రాష్ట్రంలోనో ఉంటాడు. విత్తనం వాడిది, అడ్వాన్సు వాడిది, లాభం వాడిది. కొండ దిగి బస్టాండు దాకా మోసిన కూలి నాలుగైదు వేలు మాత్రం మనవాడిది. చట్టంలో పెట్టుబడిదారుడికి కూడా అంతే శిక్ష రాసి ఉంది. కానీ చట్టం చేతికి అందేది మోసేవాడు. ఎందుకంటే తూకానికి దొరికేది వాడి భుజం మీద బరువే. ఏదైనా జిల్లా కోర్టు వరండాలో ఒక పూట కూర్చుని చూడండి. చీర కొంగులో అన్నం మూట కట్టుకుని వచ్చి, కొడుకును వ్యాన్‌లోంచి దింపేటప్పుడు ఒక్కసారి చూసుకుని వెనక్కి పోయే తల్లులు కనిపిస్తారు. ఇరవై ఏళ్ల పిల్లాడు లోపలికి పోతే, ముప్పై ఏళ్లకు బయటికొస్తాడు. నాలుగు వేలకు పదేళ్లు. లెక్క మీరే వేసుకోండి. ఎవరొచ్చి అడిగినా, బంధువే అడిగినా, ఆ సంచి ముట్టుకోకండి.

రెండోది పోక్సో. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ చెప్పాలి. మన గూడేల్లో పిల్లా పిల్లాడూ ఇష్టపడి కలిసి బతకడం, తర్వాత పెద్దలు ఒప్పుకుని పెళ్లి చెయ్యడం ఆచారం. మంచి ఆచారమే, కట్నం లేదు, బలవంతం లేదు. కానీ పిల్లకు పద్దెనిమిది నిండకపోతే, ఆమె ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష పదేళ్లు. పిల్లకు పదహారు లోపైతే ఇరవై. గర్భం వస్తే అది ఇంకా తీవ్రమైన నేరం కింద లెక్క, అక్కడా ఇరవై ఏళ్లకు తక్కువ కాదు. పదిహేడేళ్ల అమ్మాయి కాన్పుకు ఆసుపత్రికి వెళ్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే డాక్టరు మీదే కేసు. అంటే కాన్పు గదిలో బిడ్డ పుడుతుంటే బయట తండ్రిని అరెస్టు చేస్తున్నారు. ఆ భయంతో కొందరు ఆసుపత్రికే వెళ్లడం మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. ఈ చట్టం పిల్లల్ని కాపాడటానికి వచ్చింది, అది అవసరమైన చట్టం. మన ఆడపిల్లల్ని పాడుచేసే మృగాలకు అది పడాల్సిందే. ప్రేమించుకున్న పిల్లల్ని, మృగాన్ని ఒకే గడిలో కూర్చోబెట్టడం గురించి దేశమంతా చర్చ జరగాలి. ఆ చర్చ తేలేదాకా మాత్రం, తమ్ముడూ, పద్దెనిమిది నిండేదాకా ఆగు. ఆ పిల్ల చదువుకోసం కూడా ఆగు.

మూడోది ఉపా. 1967 నాటి చట్టం, 2008లో దానికి బెయిలు ఆంక్షలు తగిలించారు. పోలీసులు పెట్టిన కాగితాలు చూసి, ఆరోపణ పైకి నిజమే అనిపిస్తే చాలు, కోర్టు బెయిలు ఇవ్వకూడదు. మన సరిహద్దు అవతల బస్తర్‌లో ఏం జరిగిందో వినండి. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలను ఉపా కింద పట్టుకుపోయారు. అయిదేళ్లు గడిచాయి. 2022 జూలైలో దంతెవాడ ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులని విడిచిపెట్టింది. తీర్పు వినకుండానే ఒకరు జైల్లో చనిపోయారు. నిర్దోషులకు పడ్డ ఈ అయిదేళ్లు ఏ శిక్షాస్మృతిలో ఏ సెక్షన్ కింద ఉందో నాకు చూపించండి. 2022 చివర్లో దేశం జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లేనని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి. బెయిలు దొరకని కేసులో విచారణే శిక్ష.

ఇక, మన మీద జరిగే నేరాలను రాజ్యం ఎలా తూస్తుందో చూద్దాం. కాగితం మీద చూస్తే బాగానే తూస్తుంది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఎస్టీ అని తెలిసి ఆదివాసీ మీద పదేళ్లు లేక అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరం చేస్తే ఆదివాసీ కానివాడికి యావజ్జీవం. ముందస్తు బెయిలు లేదు. డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చెయ్యాలి. 2015 సవరణతో, మన భూమి ఆక్రమించినా, అటవీ హక్కులకు అడ్డుపడినా నేరమే. మన మీద అబద్ధపు కేసు పెట్టడం కూడా నేరమే. బాధితులకు 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా పరిహారం ఇవ్వాలి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని పలచన చేస్తే, దళితులు, ఆదివాసీలు రోడ్ల మీదికొచ్చారు. అదే ఏడాది పార్లమెంటు 18ఎ సెక్షన్ పెట్టి పాత బలం తిరిగి ఇచ్చింది.

మరి అమలు? రెండు కేసులు పక్కపక్కన పెడతాను. 2007 ఆగస్టు 20న పాడేరు ఏజెన్సీలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. కేసు మొదలవడానికే కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. త్వరగా విచారించమని 2017లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చెయ్యకపోవడాన్ని తప్పుపట్టింది. ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని చెప్పింది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వమన్నారు. పదహారేళ్లు పట్టింది.

రెండోది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక ఫారెస్టు రేంజి అధికారిని ఇద్దరు గుత్తికోయలు నరికి చంపారు. పోడు మొక్కల దగ్గర గొడవ. 2023 ఆగస్టులో, తొమ్మిది నెలలు తిరక్కుండా, కోర్టు ఇద్దరికీ యావజ్జీవం వేసింది. నేను ఆ తీర్పును తప్పుపట్టడం లేదు. హత్య హత్యే, పోయింది ఒక ఇంటి పెద్ద దిక్కు. కేసు తొందరగా తేలడం మంచిదే. నా ప్రశ్న వేరు. తొమ్మిది నెలల్లో సాక్ష్యాలు సేకరించి, చార్జిషీటు వేసి, విచారణ ముగించడం ఈ వ్యవస్థకు చేతనవునని తేలింది కదా? మరి వాకపల్లి ఆడవాళ్ల విషయంలో పదహారేళ్లు ఎందుకు చేతకాలేదు? ఇంకొక్కటి. ఆ ఇద్దరు చేసిన పనికి, ఆ పంచాయతీలో గుత్తికోయలందర్నీ పంపించెయ్యాలని తీర్మానం చేశారు. ఇద్దరి నేరానికి జాతికి శిక్ష. 1871 చట్టం రద్దయింది గానీ, దాని బుద్ధి ఎక్కడికీ పోలేదు.

అందుకే అంటున్నాను. పట్టికలో ఏ గడిలో రాశారన్నది సగం మాట. ఆ గడిని ఎవరి మీద, ఎంత తొందరగా, ఎంత శ్రద్ధగా వాడుతున్నారన్నది మిగతా సగం.

ఒకరి వైపే వేలు చూపిస్తే సరిపోదు, మన వైపూ చూసుకోవాలి. మన కులపెద్దల పంచాయతీ గొప్పది. భూమి తగువు, పశువుల తగువు, మొగుడూ పెళ్లాల తగువు, కోర్టుకు పోకుండా ఒక పూటలో తేల్చేస్తుంది. పెసా చట్టం కూడా ఆచారం ప్రకారం తగాదాలు పరిష్కరించుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996లోనే గుర్తించింది. కానీ అత్యాచారం జరిగితే, చేతబడి అనుమానంతో ముసలమ్మను కొట్టి చంపితే, 'తప్పు' కట్టించి, మేకను కోసి, కల్లు తాగి మూసెయ్యడం న్యాయం కాదు. తప్పు డబ్బు పెద్దల చేతికి పోతుంది, ఏడుపు ఆ పిల్లకు మిగులుతుంది. చేసినవాడూ ఆదివాసీయే అయితే అట్రాసిటీ చట్టం వర్తించదు, నిజమే. కానీ 103, 64, 70 సెక్షన్లు అందరికీ ఒకటే. మన చెల్లెలి మీద జరిగిన నేరాన్ని మనమే చిన్నగడిలో వేస్తే, వాకపల్లి గురించి అడిగే నోరు మనకు ఉండదు.

చివరిగా, ఇంటికి తీసుకెళ్లాల్సిన సంగతులు. రాసుకోండి.

ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే, మొదట అడగాల్సింది 'ఏ సెక్షన్?' అని. సెక్షన్ తెలిస్తే పట్టికలో నాలుగు గళ్లూ తెలిసినట్టే. అరెస్టుకు కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు కబురు చెయ్యాలి, ప్రయాణం పట్టే సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఏడేళ్లు, అంతకు లోపు శిక్ష పడే నేరమైతే వెంటనే అరెస్టు చెయ్యక్కర్లేదు, సాధారణంగా నోటీసు ఇచ్చి పిలవాలి. ఆ మేక దొంగకు కూడా ఇది వర్తిస్తుంది. నోటీసు వస్తే చింపి పారెయ్యకండి, వెళ్లండి. వెళ్లకపోతే అదే అరెస్టుకు సాకు అవుతుంది.

రిమాండు మొదలైన రోజు గోడ మీద బొగ్గుతో రాసుకోండి. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే తొంభై రోజులు, తక్కువదైతే అరవై రోజులు. ఆ లోపు చార్జిషీటు రాకపోతే మర్నాడే బెయిలు పిటిషన్ వెయ్యాలి. ఒక్కరోజు ఆలస్యమై, ఈలోగా చార్జిషీటు పడిందా, ఆ హక్కు చేజారిపోతుంది. మనవాళ్లలో ఎంతమంది ఈ తేదీ తెలియక లోపలే ఉండిపోయారో.

మనం బాధితులమైతే, ఏ స్టేషన్‌కైనా వెళ్లి ఫిర్యాదు ఇవ్వొచ్చు, 'మా పరిధి కాదు' అనడానికి వీల్లేదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. రాయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదులో మనం ఏ తెగవాళ్లమో, మనం ఎస్టీలమని ఎదుటివాడికి ఎలా తెలుసో తప్పక రాయించండి. 2021లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, చూపులేని దళిత యువతిపై అత్యాచారం రుజువైంది, యావజ్జీవం నిలిచింది. కానీ ఆమె కులం కారణంగానే నేరం జరిగిందని చూపే సాక్ష్యం లేదని అట్రాసిటీ చట్టం కింద పడ్డ శిక్షను సుప్రీంకోర్టు తీసేసింది. ఒక వాక్యం రాయించకపోతే ఒక చట్టం పోతుంది.

లాయరుకు డబ్బుల్లేవని ఎవరూ వెనక్కి తగ్గకండి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టమే ఇచ్చింది. 15100 నంబరుకు ఫోన్ చెయ్యండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కోర్టులో ఏం మాట్లాడుతున్నారో తెలుగు రాని మన పెద్దవాళ్లకు అర్థం కాకపోతే, వాళ్ల భాషలో చెప్పించమని అడగండి. కోయ, గోండి, కువి మాట్లాడేవాళ్లు బోనులో మూగవాళ్లలా నిలబడాల్సిన పని లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు డిగ్రీ చదువుతున్నారు, కొందరు డీఎస్సీకి, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. లా చదవండి అని కూడా అడుగుతున్నాను. మన గూడేనికో లాయరు రావడానికి ఇంకా చాలా కాలం పట్టొచ్చు. కానీ ఆ పట్టికలో నాలుగు గళ్లు చదవగలిగిన ఒక పిల్లో పిల్లాడో ప్రతి గూడెంలో ఉండటానికి ఒక్క వేసవి చాలు. సంతలో షావుకారు తూకంరాయి చెయ్యి పెట్టి చూసినవాడిని మోసం చెయ్యడానికి వెనకాడతాడు. రాజ్యం కూడా అంతే.

తక్కెడ ఇప్పటికి మన చేతిలో లేదు. రాళ్లైనా లెక్కపెట్టడం నేర్చుకుందాం.

జోహార్. జై ఆదివాసీ.